సంఘము తన కాపరిని ఎలా పొందుతుంది?



"మన అయ్యగారు వెళ్ళిపోతున్నారట, కొత్త అయ్యగారు ఎవరట?" ఈ మాట వినని సంఘము ఉండదు. పాలకుర్తి, జనగామ వైపు పల్లెల్లో అది చిన్న మాట కాదు. కాపరి లేకపోతే ఆదివారం ఆరాధనను ఒక పెద్ద నడిపించవచ్చు. కాని ప్రభువు బల్ల ఆగిపోతుంది. బాప్తిస్మము కొరకు కనిపెట్టేవారు కనిపెడుతూనే ఉంటారు. చావు సంభవిస్తే పక్క ఊరి కాపరికి కబురు పంపాలి. అన్నిటికంటె అపాయకరమైనది ఏమిటంటే, ఆ ఖాళీలోనే సంఘము రెండుగా చీలిపోతుంది. కాబట్టి కాపరిని పొందే క్రమము ప్రతి విశ్వాసికి తెలిసి ఉండాలి.

మొదట వాక్యమేమి చెప్పుచున్నదో చూద్దాము. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో విధవరాండ్రకు జరుగుతున్న అన్యాయము గూర్చి సణుగుడు పుట్టింది. అపొస్తలులు తామే మనుష్యులను ఏర్పరచలేదు. ఎలాంటివారు కావాలో చెప్పి, ఎన్నుకొనే పని సంఘమునకు అప్పగించారు. సంఘము ఏడుగురిని ఎన్నుకొన్నది, అపొస్తలులు ప్రార్థన చేసి వారిమీద చేతులుంచారు. 13వ అధ్యాయములో అంతియొకయ సంఘము ఉపవాసముతో ప్రార్థించి బర్నబాను, సౌలును పంపింది. ఇందులో మూడు సంగతులున్నాయి: దేవుని పిలుపు, సంఘము యొక్క సమ్మతి, హస్తనిక్షేపణ. ఈ మూడింటిలో ఏది లోపించినా పని కుంటుపడుతుంది.

ఇప్పుడు మన తెలుగు సంఘాలలో ఇది ఎలా జరుగుతుందో చూద్దాము.

ఒకటి, బిషప్పుగారి ద్వారా నియామకము. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో ఈ పద్ధతి ఉన్నది. సేవకు పిలుపు ఉన్నదని చెప్పే యౌవనస్థుని మొదట సొంత సంఘము సిఫారసు చేయాలి. తరువాత డయాసిస్ పరీక్షించి వేదాంత కళాశాలకు పంపుతుంది. 1964లో రాజమండ్రిలో మొదలై, తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అలాంటిదే. చదువు ముగిసి, కొంతకాలము పరిచర్యలో పరీక్షింపబడిన తరువాత మొదట డీకనుగా, ఆ తరువాత ప్రెస్బిటరుగా అభిషేకము పొందుతారు. ఏ పాస్టరేటుకు ఎవరు అనేది బిషప్పుగారు డయాసిస్ కమిటీలతో ఆలోచించి నిర్ణయిస్తారు. సంఘమునకు తన అభిప్రాయము తెలుపుకొనే అవకాశమున్నది.

రెండు, సంఘము స్వయంగా పిలుచుట. బాప్టిస్టు సంఘాల క్రమము ఇది. పాత వరంగల్ జిల్లాలో హనుమకొండ, జనగామ అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రాలు గనుక మన ప్రాంతానికి ఇది బాగా తెలిసినదే. పెద్దలు ఒక కమిటీగా కూర్చుంటారు. తగినవారి పేర్లు విచారిస్తారు. ఒకరిని పిలిచి వాక్యము చెప్పించి, వారి కుటుంబముతోను మాట్లాడతారు. ఆ తరువాత సభ్యులందరినీ సమావేశపరచి సమ్మతి తీసుకుంటారు. అంగీకరిస్తే జీతము, నివాసము, సెలవులు స్పష్టంగా వ్రాసి పిలుపు పత్రిక ఇస్తారు.

మూడు, స్వతంత్ర సంఘాలు. ఇక్కడ స్థాపించిన కాపరి తన తరువాతివారిని తానే సిద్ధపరచుట ఎక్కువ. అనేకచోట్ల అది కుమారుడే. కుమారునికి పిలుపు ఉంటే దేవునికి స్తోత్రము. కాని పిలుపు రక్తములో రాదు. సంఘము ముందు పరీక్షింపబడటం ఆ కుమారునికే మేలు.

ఏ క్రమమైనా పాడుచేసే వ్యాధి ఒకటున్నది. "ఆయన ఏ కులము? మనవాళ్ళేనా?" అనే ప్రశ్న. వినుటకు కష్టమైనా చెప్పక తప్పదు. ఇక్కడ దోర్నకల్‌ను జ్ఞాపకము చేసికొందాము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకించబడి దోర్నకల్‌కు నియమించబడ్డారు. ఆయన తిరునెల్వేలి తమిళుడు. మన భాష ఆయన మాతృభాష కాదు, మన ఊళ్ళు ఆయన ఊళ్ళు కావు. భారతీయుడు బిషప్పు కావటమే తగదన్నవారు మిషనరీలలోనూ ఉన్నారు, మనవారిలోనూ ఉన్నారు. ఆయన తెలుగు నేర్చుకొన్నారు, పల్లెలు తిరిగారు, తెలుగు ఉపదేశకులను, గురువులను తయారుచేశారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించువరకు ఈ ప్రజలకే కాపరిగా ఉన్నారు. "మనవాడు కాదు" అని నాడు త్రోసివేసి ఉంటే నష్టపోయేది మనమే కదా!

కాబట్టి మీ సంఘము ఖాళీగా ఉంటే ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, పేర్లు ఎత్తకముందు ప్రార్థనకు కూడుకొనండి. రెండవది, 1 తిమోతికి 3వ అధ్యాయము, తీతుకు 1వ అధ్యాయము అందరి ముందు చదివించండి. అక్కడ గొంతు, పొడుగు, బంధుత్వము లేవు. నడవడి, ఇల్లు, ధనాపేక్ష లేకపోవుట, బోధించు సామర్థ్యము ఉన్నవి. ఆయన పనిచేసిన పాత సంఘములో కూడా విచారించండి. మూడవది, తొందరపడి ఎవరిమీదను చేతులుంచవద్దని పౌలు తిమోతికి చెప్పిన హెచ్చరిక మరువకండి. నాలుగవది, లెక్కలు దాచకండి. ఇవ్వగలిగినంతే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నెలనెలా నిలుపుకొనండి. కాపరి ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆయన ప్రసంగపీఠము మీద ఏ ధైర్యముతో నిలుస్తాడు?

మీరు కోరినవారు రాకపోవచ్చు. ఓడిన పక్షము ఇంట్లో కూర్చుండిపోవద్దు, గెలిచిన పక్షము ఎగతాళి చేయవద్దు. వచ్చిన కాపరి ఇరుపక్షాలకు కాపరి. మొదటి ఆదివారమే వెళ్ళి ఆయన చేయి పట్టుకొని, "అయ్యగారూ, మీ కొరకు ప్రార్థిస్తున్నాము" అని చెప్పండి.

ప్రార్థిద్దాము. ప్రధాన కాపరివైన ప్రభువా, కాపరి లేక ఎదురుచూచుచున్న ప్రతి సంఘమును జ్ఞాపకము చేసికొనుము. మా పక్షపాతమును తీసివేసి, నీవు ఏర్పరచినవారిని గుర్తించు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.