కొలెస్ట్రాల్ మాత్ర: తెలిసి వాడుకుందాం



బీపీ, షుగరు అనే మాటలు ఇప్పుడు తెలియనివాళ్లు లేరు. వాటి పక్కనే ఇంకో మాట వినబడుతోంది. అదే కొలెస్ట్రాల్. దీన్ని తగ్గించడానికి డాక్టర్లు రాసే మాత్రలను స్టాటిన్ మాత్రలు అంటారు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అనేవి మన దగ్గర ఎక్కువగా రాసే మందులు. పేర్లు పొడుగ్గా ఉన్నాయని భయపడకండి. కూడబలుక్కుని చదవండి. రెండు పేర్ల చివరా "స్టాటిన్" అనే ఉంది, చూశారా?

కొలెస్ట్రాల్ అంటే ఏమిటి?

అది మన రక్తంలో ఉండే ఒకరకం కొవ్వు పదార్థం. ఒంటికి అది కొంత కావాలి. చాలా భాగం మన కాలేయమే తయారు చేస్తుంది. కొంత తిండి వల్ల వస్తుంది. ఎక్కువైతేనే ముప్పు. నీళ్ల గొట్టంలో గార పట్టినట్టు, రక్తనాళాల లోపల కొవ్వు పేరుకుంటుంది. దారి ఇరుకవుతుంది. అక్కడ రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. గుండెకు రక్తం అందకపోతే గుండెపోటు వస్తుంది. మెదడుకు అందకపోతే పక్షవాతం వస్తుంది.

కొలెస్ట్రాల్ పెరిగితే నొప్పి ఉండదు. జ్వరం రాదు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మాత్ర ఏం చేస్తుంది?

జపాన్ దేశంలో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త ఉండేవారు. 1973లో ఆయన ఒకరకం బూజు నుంచి ఈ జాతి మందును మొదట వేరుచేశారు. ఈ మందు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు తగ్గుతుంది.

ఈ మాత్ర అందరికీ అక్కర్లేదు. ఎవరికి కావాలో డాక్టరు చెప్పాలి. వయసు, షుగరు, బీపీ, ఇంతకుముందు గుండెపోటు వచ్చిందా అనేవన్నీ చూసి చెబుతారు. పక్కింటి వదినకు రాసిన మాత్ర మనం వేసుకోకూడదు. మన మాత్ర ఆమెకు ఇవ్వకూడదు.

ఎలా వేసుకోవాలి?

రోజుకు ఒకసారి, డాక్టరు చెప్పిన వేళకు వేసుకోవాలి. రోజూ ఒకే వేళకు వేసుకుంటే మరిచిపోము. ఒక పూట మరిచిపోతే, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మరుసటి మాత్ర వేళ దగ్గరపడితే మాత్రం వదిలేయండి. రెండు కలిపి ఒకేసారి వేసుకోవద్దు.

"ఒంట్లో బాగానే ఉంది. ఇంకా మాత్ర ఎందుకు? ఆ డబ్బుతో పిల్లలకు నోటుబుక్కులు కొనొచ్చు" అని చాలామంది ఆడవాళ్లు మానేస్తారు. మానేస్తే కొన్ని వారాల్లోనే కొలెస్ట్రాల్ మళ్లీ పెరుగుతుంది. పిల్లలకు నోటుబుక్కులూ కావాలి. అమ్మా కావాలి. డబ్బు ఇబ్బంది ఉంటే డాక్టరుకే చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారేమో అడగండి. జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతుంది.

మాత్రల పట్టీ చూడండి

చాలా పట్టీల మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు వాడకూడదని దాని అర్థం.

పేరు పక్కన 10, 20, 40 లాంటి అంకె ఉంటుంది. అది మందు బలం. చీటీలో ఉన్న అంకె, పట్టీ మీద అంకె ఒకటేనా? మీరే సరిచూడండి. గడువు తేదీ కూడా చూడండి. నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. గడువు దాటితే వాడొద్దు.

ఇంకో సంగతి. ఒకే మందును ఎన్నో కంపెనీలు వేరువేరు పేర్లతో అమ్ముతాయి. ఆసుపత్రిలో ఒక పట్టీ ఇచ్చారు. బయట దుకాణంలో ఇంకో పట్టీ కొన్నారు. రెండింటి రంగు వేరు, పెద్దక్షరాల పేరు వేరు. కానీ లోపలి మందు ఒకటే కావచ్చు. రెండూ వేసుకుంటే మోతాదు పెరిగిపోతుంది. ఉన్న పట్టీలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి.

డాక్టరుకు తప్పక చెప్పవలసినవి

గర్భవతి అయినా, కావాలనుకుంటున్నా, బిడ్డకు పాలిస్తున్నా ముందే చెప్పాలి. మాత్ర వాడుతుండగా నెల తప్పితే వెంటనే వెళ్లాలి.

కాలేయం జబ్బు, కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఉంటే చెప్పాలి. వేరే మందులు, నాటు మందులు వాడుతుంటే దాచొద్దు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి మందులు కొన్ని స్టాటిన్లతో పడవు. గ్రేప్‌ఫ్రూట్ అనే పండు కూడా అంతే. మన పంపరపనస దానికి దగ్గరి చుట్టం. తినవచ్చో లేదో అడగండి.

ఇవి కనబడితే ఆలస్యం చేయొద్దు

చాలామందికి ఈ మాత్ర ఏ ఇబ్బందీ చేయదు. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. నాట్లు వేసి నడుం నొప్పి పుట్టడం వేరు. ఏ కారణం లేకుండా తొడలు, భుజాలు బాగా నొప్పి పుట్టడం, నీరసించిపోవడం వేరు. అలా ఉంటే డాక్టరుకు చెప్పండి. దాంతోపాటు మూత్రం డికాషన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కళ్లు పచ్చబడినా అంతే.

కొందరికి షుగరు కొద్దిగా పెరగవచ్చు. అందుకని మానేయొద్దు. పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మాత్ర మొదలుపెట్టాక రెండు మూడు నెలల లోపు రక్తపరీక్ష చేయిస్తారు. ఆ కాగితం దాచిపెట్టుకోండి. తర్వాతి పరీక్షతో పోల్చి చూడవచ్చు.

మాత్ర ఒక్కటే చాలదు

డాల్డా, మళ్లీమళ్లీ కాచిన నూనె, మాంసంలో కొవ్వు తగ్గించాలి. పప్పు, ఆకుకూరలు, కాయగూరలు పెంచాలి. రోజూ నడవాలి. చుట్ట, బీడీ, అడ్డపొగ మానాలి. మాత్రలు పిల్లలకు అందకుండా, పొయ్యి వేడి తగలకుండా పెట్టాలి.

ఇంట్లో అందరి మందులూ చూసేది మనమే. మన మందు మాత్రం చివరికి వాయిదా వేస్తాం. ఇకనుంచి అలా చేయొద్దు. చదువు వచ్చింది కదా, చీటీ మనమే చూసుకుందాం.

మాట్లాడుకోండి:
1. ఒంట్లో బాగుందని మాత్ర మానేస్తే ఏమవుతుంది?
2. పట్టీ మీద ఏయే అంకెలు చూడాలి?
3. ఏ గుర్తులు కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి?