కర్ర తిప్పేటప్పుడు ఆ కేక ఎప్పుడు వేయాలి?

కరాటే క్లాసుకి వెళ్లే పిల్లలున్న ఇంట్లో సాయంత్రం ఈ మాటలు మామూలే. వంటింట్లోంచి అమ్మ "ఎందుకురా ఆ అరుపులు!" అంటుంది. "మాస్టారే అరవమన్నారు" అని వాడంటాడు. మాస్టారు అరవమన్న మాట నిజమే. కాకపోతే ప్రతి దెబ్బకీ అరవమని ఉండరు. బెల్ట్ టెస్టులో చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. చేతులు, కాళ్లు బాగానే కదులుతాయి. కేక మాత్రం తప్పు చోట పడుతుంది, లేదా సిగ్గుతో గొంతులోనే ఆగిపోతుంది.

ఆ కేకని జపాన్ వాళ్లు 'కియాయ్' అంటారు. 'కి' అంటే ప్రాణశక్తి లాంటిది, 'ఆయ్' అంటే కలవడం. ఊపిరి, మనసు, దెబ్బ మూడూ ఒకే క్షణంలో కలవాలని దాని భావం. కొందరు పిల్లలు "కియాయ్!" అనే మాటనే అరుస్తుంటారు. అది కేక పేరు, కేక కాదు. ఆ పేరంతా పలికేలోపు సగం ఊపిరి ఖర్చయిపోతుంది. "ఏయ్", "యా" లాంటి పొట్టి శబ్దం ఒక్కటి చాలు.

పిల్లలు నేర్చుకునే పొడవాటి కర్ర పేరు 'బో'. దాని పొడవు ఆరు షాకులు, అంటే సుమారు 182 సెంటీమీటర్లు. మన కర్రసాము చూసినవారికి ఆ పొడవు కొత్తేమీ కాదు. ఒకినావా దీవుల నుంచి వచ్చిన షూషి నో కోన్, సకుగావా నో కోన్ లాంటి కర్ర కటాలను ఒక్కరే నిలబడి చేస్తారు. వీటిలో కేకలు తక్కువ. కటాలో నిర్ణయాత్మకమైన దెబ్బ ఎక్కడుందో అక్కడే కేక పడుతుంది. చేతులతో చేసే కటాల్లోనూ ఇదే పద్ధతి. షోటోకాన్ కరాటేలో పిల్లలు మొదట నేర్చుకునే హేయాన్ షోదాన్‌లో 21 కదలికలుంటే కేకలు రెండే. మొదటిది వరుసగా మూడుసార్లు పైకి అడ్డుకునేటప్పుడు మూడోదానికి, రెండోది వరుసగా మూడు గుద్దులు వేసేటప్పుడు మూడోదానికి. మొదటి కేక దెబ్బకి కాదు, అడ్డుకోవడానికి వస్తుందని గమనించారా?

జపాన్ ప్రధాన భూభాగంలోని పాత సంప్రదాయాల దారి వేరు. షింతో ముసో ర్యూలో 128 సెంటీమీటర్ల పొట్టి కర్రతో, కత్తి పట్టిన జోడీకి ఎదురుగా సాధన చేస్తారు. అక్కడ కేకలు చాలా ఎక్కువగా వినిపిస్తాయి. కర్రతో కొడితే "ఏయ్", పొడిస్తే "హో". ఎదురుగా మనిషి ఉన్నప్పుడు కేక అతనికీ చేరాలి కదా. ఒంటరిగా చేసే కటాలో ఆ అవసరం లేదు.

అందుకే ఒకే కటాలో ఒక శాఖ వారు ఒక చోట, మరో శాఖ వారు మరో చోట కేక వేయవచ్చు. యూట్యూబ్‌లో చూసి "నువ్వు తప్పు చేస్తున్నావ్" అని పిల్లల్ని దిద్దకండి. టెస్టులో మార్కులు వేసేది వాళ్ల మాస్టారి పద్ధతి ప్రకారమే. సందేహం ఉంటే ఆయన్నే అడగండి.

కటా తెలియకపోయినా మీరు చూడగలిగేది ఒకటుంది. కర్ర కొన మీద కన్నుంచండి. కొన ఆగడం, కేక ముగియడం ఒకేసారి జరగాలి. కేక ముందే అయిపోతే కర్ర చేరేసరికి ఊపిరి మిగలదు. కర్ర ఆగాక కేక వస్తే అది వట్టి అరుపు. గట్టిగా ఊపిరి వదిలినప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుని నడుము నిలకడగా ఉంటుంది, ఆ బలం చేతుల్లోంచి కర్రకి చేరుతుంది. టెన్నిస్ ఆటగాళ్లు బంతి కొడుతూ శబ్దం చేసేదీ ఇలాంటి క్షణంలోనే. కేక గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. క్లాసు మర్నాడు పిల్లాడి గొంతు బొంగురుపోతే మాస్టారికి చెప్పండి.

సిగ్గుపడే పిల్లలకి మొదట కేక వద్దు. ఆ దెబ్బ దగ్గర "హుస్" అని ఊపిరి గట్టిగా వదలమనండి చాలు. సమయం కుదిరాక శబ్దం చేర్చడం తేలిక. "నలుగురిలో అరవడానికి భయమా?" అని మాత్రం అనకండి. ఆ మాటతో ఉన్న కాస్త గొంతూ మూసుకుపోతుంది.

ఇక ఇంట్లో సాధన సంగతి. ఆరడుగుల కర్ర హాల్లో తిరిగితే ముందు బలయ్యేది సీలింగ్ ఫ్యాన్. మేడ మీదకి పంపండి, చుట్టూ చిన్నపిల్లలు లేకుండా చూసుకోండి. పక్కింటివాళ్లకి ఒక మాట ముందే చెప్పి ఉంచితే మరీ మంచిది.