వానలు తగ్గుముఖం పట్టే వేళ – పసిపిల్లలున్న ఇంటికి కొన్ని మాటలు

సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చాయంటే మన గోదావరి డెల్టాలో ఎటు చూసినా పచ్చదనమే. సార్వా చేలు పొట్ట మీదికి వస్తాయి. కాలువలు నిండుగా పారుతుంటాయి. సీతాఫలాలు, మొక్కజొన్న పొత్తులు బజారుకు వస్తాయి. పగలు ఎండ చుర్రుమంటుంది, సాయంత్రానికి ఒక జల్లు పడుతుంది. పెద్దలకు ఈ వాతావరణం హాయిగానే ఉంటుంది. కాని ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో తల్లికి తీరిక లేని కాలమిది. ఒకరికి జలుబు తగ్గేసరికి ఇంకొకరికి విరేచనాలు, ఆ పిల్లవాడు కోలుకునేసరికి ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరం.

ఈ నెలల్లో మన పిల్లలకు వచ్చే ఇబ్బందులను వరుసగా రాసి చూస్తే, చాలావాటి వెనుక నీరే కనిపిస్తుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన పొలాలు, మన ఊళ్లు, మన కంచంలో అన్నం కాలువ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. 1982లో పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. అదే గోదావరి 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను లంక గ్రామాలను ముంచెత్తింది. వరద తీశాక బురద, చెత్త, గుంటల్లో నీరు మిగిలిపోతాయి. జబ్బులు ముసురుకునేది ఆ తరువాతి వారాల్లోనే.

అందుకే ఇంటి చుట్టూ ఉన్న నీటిని మూడు రకాలుగా చూడమని మేము తల్లిదండ్రులకు చెబుతుంటాము: తాగే నీరు, నిలిచిన నీరు, లోతు నీరు. ఈ మూడింటినీ ఒక్క తల్లే కనిపెట్టుకుని ఉండడం సాధ్యం కాదు. వంట, పెద్ద పిల్లల బడి, చంటిబిడ్డ పాలు, ఉతికే బట్టలు – వీటి మధ్య ఆమెకున్నవి రెండే చేతులు. నాన్న, మామ్మ, తాతయ్య, పెద్ద పిల్లలు తలా ఒక పని పంచుకుంటేనే పసివాడు క్షేమంగా ఉంటాడు.

తాగే నీరు

మన ఊళ్లలో చాలాచోట్ల కాలువ నీటిని చెరువుకు పెట్టి, శుద్ధి చేసి కుళాయిలకు ఇస్తారు. ఈ మధ్య టిన్నుల నీళ్లు కొనుక్కునే ఇళ్లూ ఎక్కువయ్యాయి. నీరు ఎక్కడిదైనా, ఇంటికి వచ్చాక పాడయ్యే అవకాశం ఉంది. బిందెలో చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే, ఆ చేతి మురికి అందరి కడుపులోకీ వెళుతుంది. పిల్లలకిచ్చే నీటిని తెర్లేదాకా కాచి, చల్లార్చి, మూత ఉన్న పాత్రలో ఉంచండి. పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీయండి, లేదా కుళాయి ఉన్న పాత్ర వాడండి.

చంటిబిడ్డ దొడ్డికి వాసన ఉండదు, దానితో ఏమీ కాదు అని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. దానిలోనూ రోగక్రిములు ఉంటాయి. దానిని మరుగుదొడ్డిలోనే వేయాలి, పెరట్లో పారవేయకూడదు. బిడ్డను కడిగిన తరువాత, అన్నం కలిపే ముందు, అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. చిన్నపిల్లల విరేచనాలకు ముఖ్య కారణమైన రోటా వైరస్‌కు టీకా ఉంది. దేశంలో ప్రభుత్వ టీకాల పట్టికలో దానిని 2016లో మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో ఆ చుక్కలు వేయించారో లేదో కార్డులో చూసుకోండి.

విరేచనాలు పట్టుకుంటే

"లంఖణం పరమౌషధం" అని మన పెద్దలంటారు. ఈ మాట పెద్దవాళ్లకు సరిపోతుందేమో గాని, పసివాళ్ల విరేచనాలకు మాత్రం పనికిరాదు. పిల్లల ప్రాణం తీసేది విరేచనం కాదు, దానితో పాటు ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. పాలు, నీళ్లు ఆపితే ఆ లోటు ఇంకా పెరుగుతుంది.

ఓ.ఆర్.ఎస్. ద్రావణం విలువను లోకానికి చూపించినది 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరం. బొంగావ్‌లో కలరా రోగులకు ఎక్కించే సెలైన్ అయిపోతున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. వందకు పాతిక ముప్ఫై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. అక్కడ రోగుల పక్కన కూర్చుని తాగించినవారు నర్సులు కారు. తల్లులు, అన్నలు, మామ్మలు. ఆ పని మన ఇంట్లోనూ ఎవరైనా చేయగలరు.

పొట్లం మీద ఎంత నీటిలో కలపాలో రాసి ఉంటుంది. పెద్ద పొట్లమైతే మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి. సగం పొడి, అర లీటరు అని అందాజుగా కలపవద్దు. కలిపినది 24 గంటల్లోపు వాడి, మిగిలినది పారబోయాలి. ప్రతి విరేచనం తరువాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడినవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. ఇది తాతయ్యో, మామ్మో ఒడిలో కూర్చోబెట్టుకుని ఓపికగా చేయదగిన పని. పొట్లం దొరకని వేళ ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపి ఇవ్వవచ్చు.

దీనితో పాటు జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాములు. మూడో రోజుకే విరేచనాలు కట్టినా మానకూడదు. ఓ.ఆర్.ఎస్., జింకు రెండూ ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. తల్లిపాలు మానవద్దు. పెద్ద పిల్లలకు మెత్తని పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టవచ్చు.

కొబ్బరినీళ్లు సరిపోవా అని కోనసీమ తల్లులు అడుగుతారు. కొబ్బరినీళ్లు మంచివే, తాగించండి. కాని విరేచనాల్లో పోయే ఉప్పుకు సరిపడా సోడియం వాటిలో ఉండదు. కాబట్టి ఓ.ఆర్.ఎస్.కు బదులుగా వాడవద్దు. కొట్లలో అమ్మే తియ్యని పానీయాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఓ.ఆర్.ఎస్. అనే పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్ముతున్నారని హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూడండి.

నిలిచిన నీరు

డెంగ్యూ దోమ మురుగు కాలువలో పుట్టదు. ఇంట్లో, ఇంటి చుట్టూ నిలిచిన మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. మూతలేని గోలెం, కూలరు అడుగు, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, పెరట్లో పడి ఉన్న కొబ్బరి చిప్పలు – వీటిలో దేనిలోనైనా ఒక గ్లాసుడు నీళ్లు నిలిస్తే దానికి చాలు. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒకసారి నీళ్లు పారబోస్తే ఆ వరుస తెగుతుంది. శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్యశాఖవారు చెప్పడంలోని అర్థమిదే. పారబోసి ఊరుకోకుండా లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. అంటుకున్న గుడ్లు నీరు లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఇది నాన్న, పెద్ద పిల్లలు కలిసి అరగంటలో ముగించగల పని. దసరా సెలవుల్లో పిల్లలకు దీన్ని ఒక ఆటగా అప్పగించండి: ఎవరు ఎక్కువ చిప్పలు బోర్లించారో లెక్కపెట్టమనండి.

డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. పసివాడు మధ్యాహ్నం ఉయ్యాలలో నిద్రపోతున్నప్పుడు కూడా దోమతెర కట్టాలి.

జ్వరం దిగిన రోజే కనిపెట్టండి

జ్వరం వస్తే దుప్పట్లు కప్పకుండా పలుచని బట్టలు వేయండి. బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి. ఆస్ప్రిన్, ఇబుప్రొఫెన్ వంటివి సొంతంగా ఇవ్వవద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావం ఎక్కువ కావచ్చు. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు జ్వరం దిగినప్పుడు "హమ్మయ్య, తగ్గిపోయింది" అనుకుంటాము. డెంగ్యూలో అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే, బొప్పాయి ఆకు రసం పోస్తూ ఇంట్లో కాలయాపన చేయకండి.

లోతు నీరు

విరేచనాలు, జ్వరాలకు కొంత వ్యవధి ఉంటుంది. నీటిలో పడిన బిడ్డకు నిమిషాలే. కాలువ గట్టు, స్నానాల రేవు, పంట బోదె, చేపల చెరువు, రొయ్యల చెరువు – ఇవి లేని ఊరు మనకు లేదు. ఈ నెలల్లో అన్నీ అంచుల దాకా నిండి, గట్లు జారుతుంటాయి. నడక నేర్చిన పసివాడికి నీళ్లు పట్టిన బకెట్టు కూడా లోతే. తలకిందులుగా పడితే అరవనైనా అరవలేడు.

మనలాగే నదుల మధ్య బతికే బంగ్లాదేశ్‌లో చిన్నపిల్లల మరణాలను పరిశీలించినప్పుడు, ఎక్కువమంది ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు మధ్య, ఇంటికి దగ్గరలోని నీటిలోనే పడినట్లు తేలింది. అది తల్లి వంటలోను, తండ్రి పొలంలోను ఉండే సమయం. అందుకే ఆ వేళల్లో "ఎవరో ఒకరు చూస్తారులే" అనుకోకుండా, "ఈ పూట తాతయ్య చూస్తారు" అని పేరు పెట్టి అప్పగించండి. ఆరేడేళ్ల అక్కకు పసివాడిని అప్పగించడం కాపలా కాదు. మూడేళ్లు నిండినవారిని అంగన్‌వాడీకి పంపండి. గుమ్మానికి అడ్డుచెక్క కట్టండి. వాడని బకెట్లు బోర్లించండి.

పొరపాటున బిడ్డ నీటిలో పడితే, కడుపు నొక్కడం, తల మీద పెట్టుకుని గిరగిర తిప్పడం చేయవద్దు. విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ మధ్య నొక్కుతూ, పక్కవారి చేత 108కి ఫోను చేయించండి. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రికి తీసుకురండి, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులకు ఇబ్బంది రావచ్చు.

తెల్లవారేదాకా ఆగకూడని గుర్తులు

రాత్రి పదకొండు గంటలకు బిడ్డ నీరసంగా ఉంటే "పొద్దున చూద్దాం" అనుకోవడం సహజం. బస్సు ఉండదు, ఆటోకు డబ్బులు చూసుకోవాలి. కాని ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా రాత్రే బయలుదేరండి:

– పాలు గాని నీళ్లు గాని తాగలేకపోవడం, తాగినదంతా వాంతి చేసుకోవడం
– కళ్లు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం
– పొట్ట చర్మాన్ని పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్లడం
– విరేచనంలో రక్తం
– ఫిట్స్, లేపినా లేవని మగత
– డొక్కలు ఎగరేయడం. నిమిషానికి రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్లలోపువారికి 40 లేక అంతకు మించి ఊపిరులు
– రెండు నెలలలోపు బిడ్డకు ఎటువంటి జ్వరమైనా

వచ్చేటప్పుడు టీకాల కార్డు, ఇంట్లో వాడిన మందుల సీసాలు తెండి. దారిలో కూడా చెంచాతో ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండండి. "ఏమ్మా, బాబు ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు?" అని మేము మొదట అడుగుతాము. జవాబు తల్లికే కాక, వెంట వచ్చిన నాన్నకూ మామ్మకూ తెలిసి ఉంటే చికిత్స త్వరగా మొదలుపెట్టగలుగుతాము.

ఈ వారం ఇంట్లో అందరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు ఒక మాట అనుకోండి: బిందె, గరిటె ఎవరి పని, శుక్రవారం గోలెం ఎవరు రుద్దుతారు, ఉదయం పసివాడి వెంట ఎవరుంటారు. రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు తెచ్చి, అందరికీ తెలిసిన చోట పెట్టండి.