ఊరికే ఇచ్చే మందు అందరికీ అందుతోందా?

హెచ్.ఐ.వి. ఒక క్రిమి. రోగాలను ఎదిరించే శక్తిని ఇది తగ్గిస్తుంది. మన దేశంలో దీన్ని మొదట 1986లో మద్రాసులో కనుగొన్నారు. ఆనాడు దీనికి మందు లేదు.

ఇప్పుడు ఉంది. దాన్ని ఏ.ఆర్.టి. మందు అంటారు. దీనితో క్రిమి పూర్తిగా పోదు. కానీ రోజూ మాత్ర వేసుకుంటే అణిగి ఉంటుంది. మనిషి పనీపాటా చేసుకుంటూ చాలా ఏండ్లు బతకవచ్చు. పరీక్షలో కనబడనంతగా క్రిమి అణిగితే, కాపురం చేసినా భార్యకో భర్తకో అంటదు.

మొదట్లో డబ్బున్నవాళ్లే ఈ మందు కొనుక్కున్నారు. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ బీద దేశాల కోసం ధర బాగా తగ్గించింది. రోజుకు ఒక డాలరు లోపే అంది. అయినా అప్పట్లో పేదవాడికి అది దాదాపు ఒక రోజు కూలి. కూలంతా మందుకే పోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఊరికే మందు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట దేశంలో 8 ఆసుపత్రులలోనే ఇచ్చారు. చెన్నై పక్కన తాంబరం ఆసుపత్రి వాటిలో ఒకటి. మన చిత్తూరు జిల్లాలో ఒక్కటీ లేదు. తర్వాత తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏ.ఆర్.టి. కేంద్రం వచ్చింది. 2017 నుంచి, క్రిమి ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు.

మరి కష్టం తీరిందా? పూర్తిగా తీరలేదు.

పట్నంలో ఉన్నా అందరికీ ఒకటి కాదు. డబ్బున్నాయన పనయ్యాక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతాడు. హోటల్లో పనిచేసే మనిషికి పగలు సెలవు దొరకదు. "ఈ పొద్దు పనికి పోకుంటే కూలి పోతుందే" అంటాడు. "ఎవరన్నా చూస్తే బాడుగ ఇల్లు ఖాళీ చేయమంటారేమో" అని ఇంకొకామె భయం.

కుప్పం, పలమనేరు వైపు నుంచి బెంగుళూరికి పనికి పోయేవాళ్లకు కార్డు ఇక్కడ, పని అక్కడ. రాలేకపోతే మాత్ర ఆగుతుంది. మాత్ర ఆగితే క్రిమి మళ్లీ పెరుగుతుంది. ఆ మందుకు లొంగకుండా పోవచ్చు కూడా.

అందుకే వేరే ఊరు పోయేముందు కేంద్రంలో చెప్పాలి. అక్కడి కేంద్రానికి మార్చి రాసిస్తారు. ఆరోగ్యం నిలకడగా ఉంటే, ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇస్తారేమో అడగాలి. 1097కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

చట్టం కూడా తోడుంది. 2017లో చేసిన ఈ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. హెచ్.ఐ.వి. ఉందని వైద్యం చేయమనకూడదు. పనిలోంచి అన్యాయంగా తీసేయకూడదు. బాడుగ ఇల్లు లేదనకూడదు.

ఒక లెక్క వేయండి

మీ ఊరి నుంచి ఏ.ఆర్.టి. కేంద్రానికి పోయి రావడానికి బస్సు చార్జీ ఎంత? ఆ రోజు పోయే కూలి ఎంత? రెండూ కూడండి. ఊరికే ఇచ్చే మందుకు పేదవాడు ఎంత ఖర్చు పెడుతున్నాడో తెలుస్తుంది.