స్పోర్ట్స్ కారు కొన్నోళ్లు మళ్లీ అదే కొంటారా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో అడిగి చూశా

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం నా సొంత గొడవ. అందుకే ముందే చెప్తున్నా, ఇది రివ్యూ కాదు.

మ్యాటర్ ఏంటంటే, బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూశా. రెండే డోర్లు, రెండే సీట్లు. 28 లక్షలు అడుగుతున్నాడు. నా దగ్గర ఉన్నది 8 లక్షలు. ఉద్యోగం చేసిన ఐదేళ్లలో దాచుకున్నది. మిగతా 20 లక్షలు లోన్. ఆదివారం లోపు టోకెన్ అమౌంట్ ఇవ్వకపోతే వేరే వాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఇంట్లో ఫోటో చూపిస్తే మా నాయన ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇద్దరు కూర్చునేదానికి ఇంత దుడ్డా? మీయమ్మని యాడ కూర్చోబెడ్తావురా, డిక్కీలోనా?" అన్నాడు. అమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సరే, కొనాలా వద్దా అని నన్ను నేను అడుగుతుంటే ప్రతిసారీ "కొను" అనే వస్తోంది. అందుకని ప్రశ్న మార్చా. ఆల్రెడీ కొన్నవాళ్లని అడుగుదాం: "అన్నా, మళ్లీ మొదటికి వెళ్తే ఇదే కొంటావా?"

ఈ ప్రశ్న నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో 1936లో మొదలైన కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ కార్ల ఓనర్లను ఎప్పటి నుంచో ఇదే అడుగుతోంది. అక్కడ స్పోర్ట్స్ కార్లకు మార్కులు బాగా పడతాయి. మాజ్డా ఎమ్‌ఎక్స్-5, పోర్షే 911, షెవర్లే కార్వెట్ లాంటివి వేర్వేరు సంవత్సరాల్లో లిస్టులో పైన కనిపించాయి. అంటే స్పోర్ట్స్ కారు కొంటే అందరూ హ్యాపీ అనుకోవచ్చా? అక్కడే తిరకాసు ఉంది. దానికి మళ్లీ వస్తా.

మన ఊరి విచిత్రం

మనది కార్లు తెలియని ఏరియా ఏం కాదు. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం చేసుకుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఫ్యాక్టరీ వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే కెపాసిటీ. 2019 ఆగస్టు 22న సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. తర్వాత సోనెట్, క్యారెన్స్. 44వ నంబర్ హైవే మీద బెంగళూరు వెళ్తుంటే కార్లు ఎక్కించుకున్న పొడవాటి ట్రైలర్లు మన పక్కనే పోతుంటాయి.

అయితే అదే కంపెనీకి స్టింగర్ అని ఒక కారు ఉండేది. 2017లో వచ్చింది, 3.3 లీటర్ల వీ6 ట్విన్ టర్బో ఇంజిన్. అది ఇండియాలో అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు. 2022 జూన్‌లో ఈవీ6 వచ్చింది. ఆల్ వీల్ డ్రైవ్ వెర్షన్‌కి 325 పీఎస్ పవర్. అదీ కొరియా నుంచి దిగుమతే, మొదటి ధర 59.95 లక్షలు. అంటే మన గడ్డ మీద తయారయ్యేది ఫ్యామిలీ కారు. స్పీడ్ కారు మాత్రం ఓడెక్కి రావాలి. ఓడెక్కి వచ్చిందంటే సుంకం. 40 వేల డాలర్లు దాటిన కారుకు ఏళ్ల తరబడి 100 శాతం కస్టమ్స్ సుంకం ఉండేది. మన దగ్గర కొత్త స్పోర్ట్స్ కారు అంత ఖరీదు కావడానికి, నాలాంటోళ్లు సెకండ్ హ్యాండ్ వైపు చూడటానికి మొదటి కారణం ఇదే.

ముగ్గురిని అడిగా, ముగ్గురూ అవునన్నారు

పేర్లు చెప్పను, వాళ్లు వద్దన్నారు. కార్ల బ్రాండ్లు కూడా అవసరమైన చోటే చెప్తా.

మొదట ధర్మవరం. పట్టుచీరల షాపు అన్న. ఆరేళ్లుగా రెండు సీట్ల కారు ఉంది. నా ప్రశ్న పూర్తి కాకముందే "కళ్లు మూసుకుని కొంటా తమ్ముడూ" అన్నాడు. కాసేపు కూర్చుంటే అసలు సంగతి వచ్చింది. ఇంట్లో ఇంకో పెద్ద బండి ఉంది. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, సరుకుకు అదే పోతుంది. దీన్ని ఆదివారం తెల్లారుజామున ఐదున్నరకు తీసి, హైవే ఎక్కి, ఎండ ముదరకముందే ఇంటికి తెచ్చేస్తాడు. లోన్ లేదు. ఆయనకు ఇది కారు కాదు, ఒక సరదా.

తర్వాత పెనుకొండ. విడిభాగాల కంపెనీలో పనిచేసే అన్న. ఆయన దగ్గర ఉన్నది మన ఎర్రమంచిలోనే తయారైన సెల్టోస్ జీటీ లైన్, 1.4 టర్బో పెట్రోల్, 140 పీఎస్. "ఇది స్పోర్ట్స్ కారు కాదు తమ్ముడూ, ఊపున్న ఫ్యామిలీ కారు. ఎర్ర కుట్టు, పెద్ద చక్రాలు చూసి మురిసిపోవడానికి. మళ్లీ కొంటావా అంటే కొంటా. పిల్లలు వెనక నిద్రపోతారు, నేను ముందు ఎంజాయ్ చేస్తా" అన్నాడు.

మూడోవాడు నాకు ముఖ్యం. హిందూపురం వాడు, నా సీనియర్, బెంగళూరులో ఉద్యోగం. సేమ్ నాలాగే లోన్ మీద సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొని, 14 నెలలకు 5 లక్షల నష్టానికి అమ్మేశాడు. ఆయన కూడా ఏమన్నాడో తెలుసా? "మళ్లీ కొంటా మామా." నేను షాక్. "మరి అమ్మావెందుకు?" అంటే అప్పుడు చెప్పాడు: "14 నెలల్లో 3 వేల కిలోమీటర్లు తిప్పా. ఈఎంఐ మాత్రం 14 కట్టా. మళ్లీ కొంటా, కానీ అప్పు లేకుండా, ఇంట్లో ఇంకో కారు పెట్టుకుని."

చూశారా? ముగ్గురూ అవునన్నారు. మూడు అవునులకూ మూడు వేరే అర్థాలు. ఊరికే "ముగ్గురిలో ముగ్గురు మళ్లీ కొంటారట" అని థంబ్‌నెయిల్ పెట్టొచ్చు. వ్యూస్ వస్తాయి, కానీ అది అబద్ధంతో సమానం.

అవును అనే మాటని ఎందుకు నమ్మకూడదు

ఒకటి, మన మెదడు. 1956లో జాక్ బ్రెమ్ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేశాడు. టోస్టర్ లాంటి ఇంటి సామాన్లకు మార్కులు వేయమన్నాడు. తర్వాత అందులో రెండు చూపించి ఒకటి ఎంచుకుని తీసుకోమన్నాడు. మళ్లీ మార్కులు వేయిస్తే, ఎంచుకున్నదానికి మార్కులు పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. వస్తువు అదే. మారింది మనసు. టోస్టర్‌కే ఇలా ఉంటే, 25 లక్షలు పెట్టినవాడు "తప్పు చేశాను" అని మనకు అంత ఈజీగా చెప్తాడా?

రెండు, ఎవరిని అడుగుతున్నాం అన్నది. ఓనర్లను అడిగితే ఇప్పుడు కారు ఉన్నవాళ్లే దొరుకుతారు. విసిగిపోయి అమ్మేసినవాడు ఓనర్ల లిస్టులోనే ఉండడు. అందుకే పాత ఓనర్‌ని వెతికి మరీ అడగాలి.

మూడు, స్పోర్ట్స్ కారు అవసరానికి కొనేది కాదు, ఇష్టంతో కొనేది. ఇష్టపడి కొన్నవాడు సౌండ్ గురించి మాట్లాడతాడు. అవసరానికి కొన్నవాడు మైలేజ్ గురించి గొణుగుతాడు. అందుకే సర్వేల్లో ఈ కార్లకు మార్కులు ఎక్కువ పడటంలో పెద్ద ఆశ్చర్యం లేదు.

లెక్క వేద్దాం

ఇప్పుడు నా కేసు. ఇవి నేను వేసుకున్న అంచనాలు, మీ కారుకు మీ అంకెలు పెట్టుకోండి.

20 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. ఈఎంఐ దాదాపు 43,500. మొత్తం కట్టేది 26 లక్షలు దాటుతుంది. అంటే వడ్డీయే ఏడాదికి సగటున 1,22,000. కారు విలువ తరుగుదల 2,00,000. ఇన్సూరెన్స్ 70,000. సర్వీసు 60,000. టైర్లు 16,000. ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిప్పితే, లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తే, పెట్రోల్ 49,000. టోటల్ 5,17,000.

దాన్ని 4,000తో భాగించండి. కిలోమీటరుకు దాదాపు 129 రూపాయలు. హిందూపురం నుంచి పెనుకొండ సుమారు 40 కిలోమీటర్లు. అంటే పెనుకొండలో టీ తాగి రావాలంటే రానుపోను పది వేలు. టీ డబ్బులు వేరే.

అదే ఏడాదికి 12,000 తిప్పితే? పెట్రోల్, టైర్లు మూడింతలవుతాయి, మిగతా ఖర్చు పెద్దగా మారదు. కిలోమీటరుకు 54 రూపాయలకు దిగుతుంది. అంటే ఈ కారు తిప్పితే కాదు, నిలబెడితే ఖరీదు.

హిందూపురంలో నాకు తెలిసిన మెకానిక్ భాయ్ కూడా అదే అన్నాడు: "బండి పరిగెత్తితే పాడవదు సార్, నిలబడితే పాడవుతుంది." నిజమే. కదలని కారుకు బ్యాటరీ దిగిపోతుంది, టైరు ఒకే చోట అణిగిపోతుంది, రబ్బరు గట్టిపడుతుంది. అందుకే సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు కిలోమీటర్లు తక్కువ అని సంబరపడకుండా టైరు పక్కన నాలుగంకెల నంబర్ చూడండి. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా, అది ముసలి టైరే.

మన రోడ్లు, మన రూల్స్

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా ఉంటే తక్కువ ఎత్తు కారు కూడా మెల్లగా దాటొచ్చు. ఊళ్లలో ఎవరికి వాళ్లు వేసుకున్నవి ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. ముందు చక్రం దిగాక కారు పొట్ట ఆనుతుంది. సెల్టోస్‌కి కింద 190 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు సీట్ల కార్లు చాలావాటికి 110 నుంచి 130 మధ్యే. మా వీధిలోనే రెండు బ్రేకర్లు ఉన్నాయి, టేపు పట్టుకెళ్లి కొలిచా. ఒకటి 16 సెంటీమీటర్లు. అంటే కారు మా ఇంటికే రాదు.

స్పీడ్ సంగతి? నాలుగు లేన్ల హైవేలో కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. కారు 250 పోతుందని అమ్మేవాడు చెప్తాడు. ఆ మిగతా 150కి మనం డబ్బులు కడుతున్నాం, వాడుకోలేం. వాడుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేకో పోవాలి.

ఇంకోటి, మన బోర్డర్ సమస్య. కర్ణాటక నంబర్ ప్లేట్ కారు తెచ్చి 12 నెలలు దాటి ఇక్కడ పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏపీ నంబర్ తీసుకోవాలి. అక్కడ ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్. కట్టిన కర్ణాటక ట్యాక్స్‌లో మిగిలినది వెనక్కి అడగొచ్చు, కానీ ముందు మన జేబులోంచి పోవాలి. బేరం ఆడేటప్పుడే ఈ డబ్బు లెక్కలో పెట్టండి.

మీరు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

"మళ్లీ కొంటావా" అని అడిగి ఆగిపోవద్దు. వెంటనే ఇవి అడగండి. పోయిన ఏడాది ఎన్ని కిలోమీటర్లు తిప్పావు? ఇంట్లో ఇంకో కారు ఉందా? లోన్ మీద అయినా కొనేవాడివా? చివరిసారి దీనివల్ల ఏ పని ఆగిపోయింది? ఈ నాలుగింటికీ జవాబులు విన్నాక, మొదటి "అవును"కి అసలు అర్థం తెలుస్తుంది.

నేనూ నాకు ఇవే వేసుకున్నా. కిలోమీటర్లు: నిజం చెప్పాలంటే 4,000 దాటవు, నా పని కంప్యూటర్ ముందే. ఇంకో కారు: లేదు, నాయన స్కూటర్ ఉంది. లోన్: వీడియోల ఆదాయం ఒక నెల 70 వేలు, ఇంకో నెల 18 వేలు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా 43,500. మూడు నెలలు డల్‌గా ఉంటే చాలు, కారూ పోతుంది, 8 లక్షలూ పోతాయి. నాలుగో ప్రశ్నకు అమ్మ జవాబిచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆటో ఎక్కడానికే కష్టపడుతుంది. నేలకు జానెడు ఎత్తులో ఉన్న సీట్లోంచి లేచేదెలా?

శనివారం రాత్రి ఫోన్ చేసి టోకెన్ ఇవ్వనని చెప్పేశా. బాధ లేదా అంటే ఉంది. ఆ కారు ఫోటో ఇంకా ఫోన్‌లోనే ఉంది, డిలీట్ చేయలేదు. కోరిక తప్పని నేను అనను. ధర్మవరం అన్నని చూశాక అసలే అనలేను, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఆయన మొహం పదేళ్లు చిన్నగా అయిపోయింది. కానీ ఆయన కొన్న వరుస వేరు: ముందు ఇల్లు నడిచే బండి, తర్వాత సరదా బండి. నేను రెండోది ముందు కొనబోయా.

ప్రస్తుతానికి ప్లాన్ ఇదీ. అమ్మ ఎక్కి దిగగలిగే కారు ఒకటి, 8 లక్షల లోపు, సెకండ్ హ్యాండే. స్పోర్ట్స్ కారు బెంగళూరులో ఒక రోజు అద్దెకు తీసుకుంటా. ఆ రోజు వీడియో మీకోసం గ్యారంటీ.

మీలో ఎవరైనా ఇలాంటి కారు కొని అమ్మేసుంటే కామెంట్‌లో రాయండి. ఉన్నవాళ్లు చెప్పేది ఎలాగూ వింటాం, అమ్మేసినవాళ్లు చెప్పేదే నాకు కావాలి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్తగా నడపండి, బాయ్.