కరెంటు పోయాక ఏది ముందు తినాలి?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కరెంటు స్తంభాలు, హైటెన్షన్ టవర్లు, చెట్లు కూలిపోయాయి. చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. పాల ప్యాకెట్టుకీ, మంచినీళ్లకీ జనం అల్లాడిపోయారు. విశాఖవాళ్లు ఎవరైనా ఆ రోజుల గురించి మొదలుపెడితే గాలివాన ముచ్చట కాసేపే. మాట తొందరగానే వంటింట్లోకి మళ్లుతుంది. ఫ్రిజ్‌లో ఏం మిగిలింది, ఏం పారేశారు, ఎవరింట్లో అందరూ కలిసి వండుకున్నారు అన్నవే ఎక్కువసేపు నడుస్తాయి.

ఫ్రిజ్ వచ్చాక మన ఇళ్లలో వంట తీరుతో పాటు తినే వేళలూ మారాయి. పెద్దవాళ్లు ఏడున్నరకే తినేస్తారు. ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లు తొమ్మిదింటికి, చదువుకునే పిల్లలు పదింటికి. ఒకరికి పప్పు కావాలి, ఒకరికి నిన్నటి కోడికూర కావాలి, ఇంకొకరు చపాతీ అంటారు. ఇన్ని వేళల్నీ ఇన్ని ఇష్టాల్నీ నడిపిస్తున్నది ఆ చల్లటి పెట్టె. కరెంటు పోతే ఈ ఏర్పాటంతా పట్టు తప్పుతుంది. అప్పుడు ఏది ముందు తినాలి, ఏది రేపటికి ఆగుతుంది, ఏది పారేయాలి అనేది మన నాలుక చెప్పలేదు. పదార్థంలోని నీరు, పులుపు, దానికి తగిలిన వేడి చెబుతాయి.

ముందు కరెంటు సంగతి చూద్దాం. తుపానుకు స్తంభాలు కూలాయంటే అర్థం చేసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగు చినుకులు పడగానే ఎందుకు పోతుంది? స్తంభాల మీద 11 కేవీ తీగల్ని మోసేవి పింగాణీ ఇన్సులేటర్లు. పగలంతా ఎండకు కాగిన పింగాణీ మీద చల్లటి చినుకు పడితే సన్నటి బీటలు వస్తాయి. ఆ బీటల్లోకి తడి చేరితే విద్యుత్తు స్తంభం గుండా భూమిలోకి దారి వెతుక్కుంటుంది. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, తీరప్రాంతాల్లో అయితే ఉప్పుపొర, తడవగానే అదే పని చేస్తాయి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ దాన్ని పసిగట్టి లైను ఆపేస్తుంది. ఇలా పోయిన కరెంటు చాలాసార్లు గంటలోనో రెండు గంటల్లోనో వచ్చేస్తుంది. వరద అలా కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో కూడా ఆహారపు పొట్లాలు అందించాల్సి వచ్చింది. నీళ్లలో ఉన్న ఇళ్లకు కరెంటు ఇస్తే ప్రాణాలు పోతాయి కాబట్టి నీళ్లు తీసేదాకా లైను కట్టేసే ఉంచాలి. అందుకే కరెంటు పోగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది గంటల వ్యవహారమా, రోజుల వ్యవహారమా అని.

గంటల వ్యవహారమైతే చేయాల్సిన పని ఒక్కటే. ఫ్రిజ్ తలుపు తీయకూడదు. ఫ్రిజ్ సూక్ష్మజీవుల్ని చంపదు, వాటి ఎదుగుదలను బాగా మందగింపజేస్తుంది. 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న మధ్య వేడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ అపాయకరమైనదిగా చెబుతుంది. అనుకూలమైన వెచ్చదనం దొరికితే కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఒక్క కణం 7 గంటల్లో 21 సార్లు రెట్టింపైతే లెక్క దాదాపు 21 లక్షలకు చేరుతుంది. తలుపు మూసి ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనాన్ని కాపాడుతుందని, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుందని ఆహార భద్రతా నిపుణుల లెక్క. మన మే నెల వంటింటి వేడిలో ఆ గడువుల్ని పూర్తిగా నమ్ముకోకూడదు. చల్లటి గాలి బరువైనది. తలుపు తీసిన ప్రతిసారీ అది కిందికి జారి బయటికి పోతుంది, ఆ చోటులోకి వేడిగాలి వస్తుంది.

తుపాను హెచ్చరిక వినగానే ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు పెట్టమని నేను అందరికీ చెబుతాను, నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి కనుక మెడ దాకా నింపకుండా. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. కిలో నీటిని 80 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి ఎంత వేడి తీసేయాలో దాదాపు అంత. నాలుగు సీసాలు గడ్డకట్టి ఉంటే, అవి కరిగేదాకా ఆ పెట్టెలో వేడి పెరగడం చాలా నెమ్మదిస్తుంది. కరిగాక తాగడానికి నీళ్లవుతాయి. ఇంకో చిట్కా ఊరికి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, మంచు మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగి వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అందులోని మాంసాన్ని నమ్మకూడదు.

రోజుల వ్యవహారం అని తేలితే మొదట ఖాళీ చేయాల్సినవి చేపలు, మాంసం. అవి ఇంకా చల్లగా ఉన్నప్పుడే పొయ్యెక్కాలి. చేపల్లో, ముఖ్యంగా కానాగంతల్లాంటి వాటిలో, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చల్లదనం పోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కొద్దిసేపటికి ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు దానివల్లే. పులుసు ఎంత మరిగించినా హిస్టమిన్ పోదు. చేప వాసన చూసి బాగానే ఉందనుకోవడం కూడా చాలదు, ఎందుకంటే వాసన రాకముందే అది తయారై ఉండవచ్చు.

అన్నం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మనం రోజూ తినేది, అందుకే మనం ఏమాత్రం అనుమానించనిది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికే వేడికి అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే బీజాలు మొలకెత్తి పెరుగుతాయి, సెరెయులైడ్ అనే విషాన్ని వదులుతాయి. బ్రిటన్‌లో 1971లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిని జబ్బుపడినవారి కేసుల్లో ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. ఉడికించిన అన్నాన్ని బయట వదిలేసి తర్వాత వేయించి పెట్టడమే కారణం. ఆ విషం 121 డిగ్రీల వేడిని గంటన్నర సేపు తట్టుకోగలదు. అంటే మిగిలిన అన్నాన్ని పోపు వేసి ఎంత వేయించినా, విషం అప్పటికే పుట్టి ఉంటే పోదు. తిన్న అరగంట నుంచి 6 గంటల లోపల వాంతులు మొదలవుతాయి.

మరి చద్దన్నం తిని మన పెద్దవాళ్లు ఎలా బతికారని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, జవాబు పులుపులో ఉంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, గరిటెడు మజ్జిగ కలిపి, మట్టికుండలో మూత పెట్టినప్పుడు అందులోకి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెద్ద సంఖ్యలో చేరుతుంది. అది అన్నంలోని పిండిపదార్థాన్ని వాడుకుని నీటిని పుల్లబరుస్తుంది. ఆ పులుపులో బాసిల్లస్ సీరియస్ బాగా ఎదగలేదు. తరవాణి కుండలోనూ ఇదే రసాయనం. మూత కూడా సరిగ్గా పెట్టకుండా పొయ్యి పక్కన మర్చిపోయిన అన్నాన్ని చద్దన్నం అనకూడదు. తెల్లారి నీళ్లు పుల్లగా, శుభ్రమైన మజ్జిగ వాసనతో ఉంటే అది పులిసింది. జిగురు తేలినా, తీగ సాగినా, ముక్కుకు వెగటుగా ఉన్నా అది చెడింది.

ఈ లెక్క తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే వరసలో నిలబడతాయి. నీళ్లు ఎక్కువ, పులుపు తక్కువ అయిన ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి, గుడ్డుకూర ఆ పూటతో సరి. ప్యాకెట్టు పాలు పాశ్చరైజ్ చేసినవి. ఆ వేడికి జబ్బు చేసే క్రిములు చస్తాయి గాని పాలను విరగ్గొట్టేవన్నీ చావవు. వెంటనే కాచి తోడు పెట్టేయడమే తెలివి. పెరుగైతే పీహెచ్ 4.5 దగ్గరికి దిగి పాలకన్నా చాలా సేపు నిలుస్తుంది. ఇడ్లీ, దోసె పిండి పొంగి గిన్నె దాటుతుంది, భయపడక్కర్లేదు. మరీ పులిస్తే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పునుగులు వేసుకోండి. పులిహోరకు చింతపండు, ఉప్పు, నూనె కాపలా ఉన్నాయి కాబట్టి ప్రయాణాలకు అది కట్టుకెళ్లడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. అయినా అదీ ఒక్క పగటికే.

ఇక అసలు ధీమా అటక మీద ఉంటుంది. ఆవకాయలో ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది, ఆవపిండి ఘాటు క్రిముల్ని అణచివేస్తుంది, పైన తేలిన నూనె బూజుకు గాలి అందనివ్వదు. తడి గరిటె పెట్టిన జాడీ పాడవుతుందని అమ్మమ్మలు కేకలేసింది ఇందుకే. ఆ నాలుగు చుక్కల నీళ్లే బూజుకు చాలు. వడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు, అటుకులు, మరమరాలు, బెల్లం, సున్నుండలు అన్నీ ఒకే సూత్రం మీద నిలిచాయి. క్రిములకు తాగడానికి నీళ్లు లేకుండా చేయడం. ఎండలో ఆరబెట్టినా, ఉప్పులోనో బెల్లంలోనో కట్టేసినా ఫలితం ఒకటే.

ఇష్టాల మాటకొస్తే, ఉక్కపోతలో మాంసం కూర సయించక పెరుగన్నం మీదికి మనసు పోవడం వెనకా శాస్త్రం ఉంది. తిన్నదాన్ని అరిగించుకోవడానికి శరీరం చేసే పనిలో వేడి పుడుతుంది. మాంసకృత్తుల శక్తిలో 20 నుంచి 30 శాతం ఇలా వేడిగా పోతే, పిండిపదార్థాల్లో 5 నుంచి 10 శాతమే పోతుంది. ఫ్యాను ఆగిపోయి, గాలిలో తేమ నిండి, చెమట ఆరని రాత్రి ఆ కాస్త వేడి కూడా శరీరానికి బరువే. కారం సంగతి చిత్రమైనది. మిరపలోని క్యాప్సైసిన్, మన నరాల్లో వేడిని గుర్తించే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పొడి ఎండలో కారం తింటే చెమట పట్టి, ఆరి, ఒళ్లు చల్లబడుతుంది. తేమ నిండిన తుపాను రాత్రి చెమట పడుతుంది గాని ఆరదు.

నన్ను అడిగితే కరెంటు లేని రోజుల్లో అన్నిటికన్నా మంచి జాగ్రత్త అందరూ ఒకే వేళకు కూర్చోవడం. కుక్కర్ దింపిన అరగంటలో ఇంటిల్లిపాదీ తినేస్తే అన్నం ఆ అపాయకరమైన వేడిలో గడిపే సమయమే ఉండదు. మిగిలేదీ ఉండదు. వేళకొకరు తినే ఇంట్లో అదే గిన్నె నాలుగు గంటలు వెచ్చగా కూర్చుంటుంది. కాబట్టి ఒక్క పూటకు సరిపడా, ఒక్కటే కూర, ఒక్కటే వేళ. చపాతీ కావాలనే అబ్బాయీ, చారన్నం కావాలనే తాతగారూ ఆ నాలుగు రోజులు సర్దుకోవాలి. పక్కింటివాళ్ల దగ్గర కరిగిపోతున్న మాంసం ఉంటే, మీ గ్యాసు పొయ్యి మీద కలిపి వండి రెండిళ్లవాళ్లూ తినేయండి. ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉన్న ఇళ్లు ఇప్పుడు ఎక్కువవుతున్నాయి, వాళ్లను పిలవడం మర్చిపోవద్దు.

మోటారు ఆడకపోతే ట్యాంకులో నీళ్లు రావు. అప్పుడు చేతులు కడగడంలో పొదుపు మొదలవుతుంది, విరేచనాలు అక్కడి నుంచే వస్తాయి. పారేయడానికి మనసొప్పని కూర మీద ప్రయోగం చేయకండి, ముఖ్యంగా చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టకండి. తాగే నీళ్లు తెర్లేదాకా కాచండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ముందే కొని ఉంచుకోండి. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో ఆరు తలకొట్టు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మూత్రం పోయక మత్తుగా పడుకున్నా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.