గ్రేట్ జింబాబ్వే: రాతికట్టడాల కర్తృత్వ వివాదం – పురావస్తు సాక్ష్యాల పరిశీలన

ఉపోద్ఘాతం

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాకు వలసపాలనకు పూర్వం చెప్పుకోదగిన చరిత్ర లేదన్న అభిప్రాయం పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా రచనలలో బలంగా కనిపిస్తుంది. లిపి లేని సమాజానికి చరిత్ర ఉండదన్నది దానికి మూలమైన భావన. ఈ భావనకు ఇమడని కట్టడాలు ఎదురైనప్పుడు నాటి పరిశోధకులు తమ సిద్ధాంతాన్ని పునఃపరిశీలించుకోలేదు. ఆ కట్టడాలకు వేరే కర్తలను వెదికారు. దక్షిణాఫ్రికా ఖండభాగంలోని గ్రేట్ జింబాబ్వే ఇందుకు ప్రధానమైన ఉదాహరణ. ఆ కట్టడాలను ఎవరు నిర్మించారన్న ప్రశ్న చుట్టూ దాదాపు నూరేళ్లు సాగిన వివాదాన్ని, దానిని పరిష్కరించిన పురావస్తు పద్ధతులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నగర స్వరూపం

నేటి జింబాబ్వే దేశంలో మస్వింగో పట్టణానికి సమీపంలో, సుమారు 720 హెక్టార్ల విస్తీర్ణంలో ఈ శిథిలాలు ఉన్నాయి. వీటిని కొండపైనున్న సముదాయం, మహాప్రాకారం, లోయలోని కట్టడాలు అని మూడు భాగాలుగా గుర్తిస్తారు. మహాప్రాకారపు వెలుపలి గోడ చుట్టుకొలత దాదాపు 250 మీటర్లు. కొన్నిచోట్ల దాని ఎత్తు 11 మీటర్లు. అందులో శంఖాకారపు గోపురం ఒకటి ఉంది. పొరలుగా ఊడివచ్చే స్థానిక గ్రానైటు రాతిని ఇటుకల పరిమాణంలో కొట్టి, సున్నం గాని అడుసు గాని వాడకుండా వరుసలుగా పేర్చి ఈ గోడలను నిర్మించారు. గోడల నడుమ మట్టి ఇళ్లు ఉండేవి. అవి కాలక్రమంలో కరిగిపోగా, నేడు రాతిగోడలు మాత్రమే ప్రధానంగా కనిపిస్తున్నాయి.

ఈ నగరం పదకొండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం వరకు వర్ధిల్లింది. పశుసంపద, వ్యవసాయం దాని ఆర్థిక పునాదులు. పీఠభూమిలో లభించే బంగారం, ఏనుగు దంతం హిందూ మహాసముద్ర తీరంలోని సోఫాలా రేవుకు చేరేవి. ఆ వాణిజ్యంపై కిల్వా సుల్తానుల ఆధిపత్యం ఉండేది. పద్నాలుగో శతాబ్దపు కిల్వా సుల్తాను అల్ హసన్ ఇబ్న్ సులైమాన్ పేరుగల నాణెం, చైనా పింగాణీ ముక్కలు, పారశీక పాత్ర శకలాలు, భారతదేశం నుంచి దిగుమతి అయిన గాజుపూసలు తవ్వకాలలో లభించడం ఈ సంబంధాలకు నిదర్శనం. ‘జింబాబ్వే’ అన్న పదానికి షోనా భాషలో ‘రాతి ఇళ్లు’ అనీ, ‘గౌరవనీయమైన ఇళ్లు’ అనీ రెండు విధాలుగా వ్యుత్పత్తి చెబుతారు.

పరాయి కర్తృత్వ వాదం

పోర్చుగీసు చరిత్రకారుడు జువావ్ ద బారోస్ 1552లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రాంతపు రాతికోట ప్రస్తావన ఉంది. ఆయన దానిని స్వయంగా చూడలేదు. విన్న సంగతులను నమోదు చేశాడు. 1871లో జర్మన్ అన్వేషకుడు కార్ల్ మౌక్ శిథిలాలను దర్శించాడు. అక్కడి ద్వారపు దూలం నుంచి తీసిన చెక్క ముక్క తన పెన్సిలు చెక్కలాగా ఉందని గమనించి, అది లెబనాను దేవదారు అయి ఉంటుందని ఊహించాడు. ఆ ఊహపై ఆధారపడి ఈ కట్టడాలను బైబిలులోని షీబా రాణితో ముడిపెట్టాడు. నిజానికి అది స్థానిక వృక్షజాతికి చెందిన కలప.

1890లో సెసిల్ రోడ్స్‌కు చెందిన బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ ఆ భూభాగాన్ని ఆక్రమించింది. మరుసటి సంవత్సరమే కంపెనీ సహాయంతో థియోడర్ బెంట్ అక్కడ తవ్వకాలు చేపట్టాడు. ఆయనకు దొరికిన వస్తువులలో అధికభాగం స్థానికమైనవే. అయినప్పటికీ నిర్మాతలు అరేబియా నుంచి వచ్చినవారని 1892లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదన కంపెనీకి ఎంతో ఉపకరించింది. పూర్వం కూడా పరాయివారే అక్కడ నాగరికతను నెలకొల్పారని చెప్పగలిగితే, తమ ఆక్రమణ కొత్తది కాదనీ, పాత క్రమపు పునరుద్ధరణే అనీ చెప్పుకోవచ్చు.

1895లో బంగారం కోసం శిథిలాలను తవ్వేందుకు ప్రత్యేకంగా ఒక సంస్థే ఏర్పడింది. తరువాత 1902–04 మధ్య శిథిలాల సంరక్షకుడుగా వ్యవహరించిన రిచర్డ్ హాల్, అసలు నిర్మాతల ఆనవాళ్లు బయటపడతాయన్న నమ్మకంతో ఆఫ్రికన్ల నివాసపు పొరలను చెత్తగా భావించి తొలగించాడు. కాలనిర్ణయానికి అత్యవసరమైన ఆధారం ఈ విధంగా చాలావరకు నశించింది.

స్తరనిర్ధారణ ఇచ్చిన సమాధానం

ఈజిప్టులో శిక్షణ పొందిన పురావస్తు శాస్త్రవేత్త డేవిడ్ రాండల్ మెకైవర్ 1905లో ఇక్కడ పరిశోధించి, కట్టడాలు మధ్యయుగానికి చెందినవనీ, ఆఫ్రికన్ల నిర్మాణాలనీ నిర్ధారించాడు. స్థిరపడిన శ్వేతజాతీయులు ఆ నిర్ధారణను అంగీకరించలేదు. దానితో 1929లో బ్రిటిష్ అసోసియేషన్ ఈ బాధ్యతను గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్‌కు అప్పగించింది. కాథలీన్ కెన్యన్, డొరొతీ నోరీ ఆమెకు సహకరించారు.

కేటన్ థాంప్సన్ అనుసరించిన తర్కం సరళమైనది. ఒక గోడ పునాది కింద, ఆ తరువాత ఎవరూ కదిలించని పొరలో ఒక వస్తువు లభిస్తే, గోడ ఆ వస్తువు కన్నా ప్రాచీనమైనది కాజాలదు. కనుక ఆమె పూర్వులు చెదరగొట్టిన స్థలాలను విడిచి, చెక్కుచెదరని గోడల కింద, ఇళ్ల గచ్చుల కింద తవ్వింది. అక్కడ లభించిన కుండపెంకులు స్థానిక సంప్రదాయానికి చెందినవి. వాటితోపాటు దొరికిన దిగుమతి పూసలు మధ్యయుగానికి చెందినవి. కట్టడాలు ఆఫ్రికన్లవేనని ఆమె నిస్సందేహంగా ప్రకటించింది. 1931లో ఆమె నివేదిక గ్రంథరూపంలో వెలువడింది.

1958 నాటి తవ్వకాలు ఈ నిర్ధారణకు మరింత బలం చేకూర్చాయి. ఆంథనీ విట్టీ గోడల పేర్పులో భేదాలను వర్గీకరించి, నిర్మాణశైలి క్రమంగా పరిణతి చెందిందని చూపాడు. ఈ పరిణామం స్థానికంగానే జరిగిందనడానికి లింపోపో నది సమీపంలో పదమూడో శతాబ్దంలో వర్ధిల్లిన మాపుంగుబ్వే రాజధాని, తరువాతి కాలపు ఖామీ రాతికట్టడాలు తోడ్పడతాయి.

రాజ్యాధికారం – జాతీయ చిహ్నం

శాస్త్రీయ నిర్ధారణతో వివాదం ముగియలేదు. 1965లో ఇయాన్ స్మిత్ నాయకత్వంలోని శ్వేతజాతి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న తరువాత, నిర్మాతలెవరన్న విషయాన్ని అనిశ్చితంగా చూపాలని అధికారిక ప్రచురణలపై ఒత్తిడి పెరిగింది. స్మారక కట్టడాల పర్యవేక్షకుడైన పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచాడు. 1973లో వెలువడిన ఆయన గ్రంథం నేటికీ ప్రామాణికం.

మరోవైపు జాతీయోద్యమం ఈ పేరును తనదిగా చేసుకొంది. 1961లో ఏర్పడిన జాపూ, 1963లో ఏర్పడిన జానూ పార్టీల పేర్లలో ‘జింబాబ్వే’ ఉంది. 1980 ఏప్రిల్ 18న స్వతంత్రమైన రొడీషియా ఆ పేరునే స్వీకరించింది. శిథిలాలలో లభించిన మెత్తరాతి పక్షిశిల్పం జాతీయపతాకంపై నిలిచింది. వలసకాలంలో తరలిపోయిన పక్షిశిల్పాలలో నాలుగింటిని 1981లో దక్షిణాఫ్రికా తిరిగి ఇచ్చింది. జర్మనీలో ఉండిన ఒక శిల్పభాగం 2003లో చేరింది. 1986లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉపసంహారం

కర్తృత్వ సమస్య పరిష్కారమైన తరువాతనే అసలైన చారిత్రక ప్రశ్నలకు అవకాశం కలిగింది. మహాప్రాకారం ప్రయోజనమేమిటి, కొండ రాజనివాసమా లేక పూజాస్థలమా, నగరజనాభా ఎంత, దాని క్షీణతకు పర్యావరణం కారణమా లేక వాణిజ్యమార్గాల మార్పా అన్న విషయాలలో పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. ఇన్నొసెంట్ పికిరాయి, షాడ్రెక్ చిరికురే వంటి జింబాబ్వే పరిశోధకులు షోనా రాజ్యవ్యవస్థను, వారసత్వ సంప్రదాయాలను ఆధారం చేసుకొని పూర్వ వ్యాఖ్యానాలను ప్రశ్నిస్తున్నారు.

మరొక సమస్య కూడా మిగిలి ఉంది. శిథిలాల చుట్టుపక్కల నివసించే నెమాన్వా, ముగాబే, చారుంబిరా వంశాలవారికి ఇది పవిత్రస్థలం. వలసప్రభుత్వం దానిని రక్షిత స్మారకంగా మార్చి వారి పూజలకు అడ్డంకులు కల్పించింది. స్వాతంత్ర్యానంతరం దానిని జాతి మొత్తానికి చిహ్నంగా నిలిపిన ప్రభుత్వం ఆ అడ్డంకులను పూర్తిగా తొలగించలేదు. పరాయి కర్తృత్వ వాదాన్ని ఖండించడానికి పునాదుల కింది కుండపెంకులు చాలాయి. ఆ స్థలంతో తరతరాలుగా అనుబంధం గల సమాజాల స్మృతిని చరిత్రరచనలో ఏ విధంగా పరిగణించాలన్నది మాత్రం తవ్వకాలతో తేలే విషయం కాదు. మౌఖిక ఆధారాలను పురావస్తు ఆధారాలతో సరిచూసే పరిశోధన ఈ దిశలో ఇంకా సాగవలసి ఉంది.